పేర్రాజు గారి "వెళ్ళొస్తాను"

గొడవంతా ఒక గ్లాసు నిమ్మరసం దగ్గర మొదలైంది.

ఏదో దేశం నుంచి వ్యాపారుల బృందం ఒకటి వస్తే మంత్రిగారు వాళ్ళకు విందు ఇచ్చారు. మంత్రిగారు నలుగురిలో పుచ్చుకోరు గనుక ఆయన గ్లాసులో నిమ్మరసం పోశారు. అతిథుల పెద్ద తన గ్లాసు పైకెత్తి, తమ భాషలో ఒక మాట అని, తన గ్లాసును అందరి గ్లాసులకూ టంగున తాకించి, ఆ మాట ఎలా పుట్టిందో కూడా చెప్పాడు. పూర్వం వాళ్ళ దేశంలో విందుకు పిలిచి విషం పెట్టే అలవాటుండేదట. గ్లాసులు గట్టిగా తాకిస్తే ఒకరిది ఇంకొకరి గ్లాసులో చిందుతుందట. చస్తే ఇద్దరం చస్తాంలే అన్న భరోసాతో తాగేవారట. అది నిజమో కోతో మనకు తెలియదు. మంత్రిగారు మాత్రం తన నిమ్మరసం వంక ఒకసారి అనుమానంగా చూసుకున్నారు. అప్పుడా పెద్దమనిషి, "మరి మీ భాషలో తాగేముందు ఏమంటారు? ఆ మాట ఎలా పుట్టింది?" అని అడిగాడు.

మంత్రిగారు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి పక్కవాడి వైపు చూశాడు. అలా చూపు బల్ల చివరిదాకా వెళ్ళి, ఆఖరి కుర్చీలో ఉన్నవాడు గోడ వైపు చూడటంతో ఆగిపోయింది. మనవాళ్ళు తాగేముందు "తలుపు వెయ్యరా" అంటారు తప్ప మరో మాట అనరని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్నే వాడుక మాటల మూలాన్వేషణ సంస్థకు ఫోను వచ్చింది. అలాంటి సంస్థ ఒకటి ఉందని జనానికి తెలియదు. ప్రభుత్వానికి కూడా ఆ పొద్దున్నే గుర్తొచ్చింది. పాత గిడ్డంగి మేడ మీద నాలుగు గదుల్లో కూర్చుని, పప్పులో కాలు మొదట వేసిందెవరు, చెవిలో పెట్టిన పువ్వు ఏ పువ్వు అన్న సంగతులు తేల్చడం దాని పని. ఇంతవరకూ ఏదీ తేలలేదు. తేలిపోతే తమ అవసరం ఉండదన్న ఇంగితం అక్కడ అందరికీ ఉంది.

ఆ సంస్థలో సూపరింటెండెంటు కొమరగిరి పేర్రాజు గారు. ఆ చలికాలం వెళ్ళేసరికి రిటైరవ్వాల్సిన మనిషి. మహా మర్యాదస్తుడు. ఎవరి గడప దాటినా "వెళ్ళొస్తాను" అనకుండా దాటరు. పోస్టాఫీసులో కవరు కొనుక్కున్నా సరే, పళ్ళ డాక్టరు దగ్గర పన్ను పీకించుకుని దూది కొరికి పట్టుకున్నా సరే, ఆ మాట అంటే గాని ఆయన కాలు కదలదు.

ఆయన భార్య కనకరత్నానికి ఉన్న కోరిక ఒక్కటే. ఆయన కూర్చుని కాఫీ తాగుతుంటే చూడాలని. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు కాలితో వెతుక్కుంటూ, కాఫీ గొంతులో ఒంపుకుని, "వెళ్ళొస్తాను కనకం" అని పరుగెత్తేవారు. ఆదివారాలు ఫైళ్ళే ఇంటికి వచ్చేవి. రిటైరయ్యాక వరండాలో ఎదురెదురుగా కూర్చుని, తొందరేమీ లేకుండా, చప్పరిస్తూ తాగాలని ఆవిడ ఆశ. అందుకోసం రెండు పేము కుర్చీలు కూడా ముందే కొని పెట్టింది. ఇంకెవరినీ వాటిలో కూర్చోనిచ్చేది కాదు.

సరే, ఫోను వచ్చిన రోజే డైరెక్టరు డాక్టర్ అనంతపద్మనాభం గారు సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే గెజిట్ చదువుతున్నట్టుంటుంది.

"పానీయ సేవన ప్రారంభ వాక్యమును కనుగొను నిమిత్తము ఈ సమావేశము ఏర్పాటు చేయడమైనది. సభ్యులు తమ తమ సూచనలను సమర్పించవలెను," అన్నారు.

జూనియర్ అసిస్టెంటు ఇందుమతి చెయ్యెత్తింది. "బంతి భోజనాల్లో మొదటి ముద్దకి ముందు 'గోవిందా గోవింద' అంటారు కదండీ."

ఆ సూచనను ఆర్థిక శాఖకు పంపారు. పెట్టుబడి పెట్టడానికి వచ్చినవాళ్ళ ముందు మంత్రిగారు గ్లాసెత్తి "గోవిందా" అంటే, పెట్టుబడి ఏమవుతుందో వాళ్ళకు అప్పుడే అర్థమైపోతుందని రాసి తిప్పి పంపారు. "నిండు నూరేళ్ళు" అందామంటే, అతిథి తొంభై ఏళ్ళకే పోతే బాధ్యత ఎవరిదని న్యాయశాఖ అడిగింది. "చల్లగా ఉండండి" అందామంటే, ఎండాకాలంలో హామీ ఇవ్వలేమని విద్యుత్ శాఖ చేతులెత్తేసింది.

అప్పుడు పేర్రాజు గారు నెమ్మదిగా గొంతు సవరించుకుని, "మా ఇంట్లోనైతే వడ్డన కాగానే 'ఇక కానివ్వండి' అంటారండీ. కాఫీ ఇచ్చినా ఆ మాటే," అన్నారు.

డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమి కానివ్వవలెను? ఎవరు కానివ్వవలెను? కర్త లేడు. కర్మ లేదు. విదేశీయుల ఎదుట కర్మ లేని వాక్యమును ప్రభుత్వము ఎట్లు పలుకును, పేర్రాజు గారూ?"

దాంతో ఆ మాట కొట్టేశారు. సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. ఫైలు లావెక్కుతూనే ఉంది. ఈ పీడ తన హయాంలోనే వదిలించుకోవాలని పేర్రాజు గారు ఒక సాయంత్రం కూర్చుని మూడే మూడు వాక్యాల నోట్ రాశారు. "అర్థమునకు కట్టుబడలేని మాటను కార్యాలయమున పలుకరాదు. పలికినవారు దాని అర్థమునకు కట్టుబడవలెను. తగిన మాట దొరుకువరకు మంత్రిగారు మౌనముగా త్రాగవచ్చును."

అసలు సంగతి మూడో వాక్యంలో ఉంది. డైరెక్టరు ఆ వాక్యం కొట్టేసి, మొదటి రెండింటినీ కళ్ళకద్దుకుని పైకి పంపారు. పైవాళ్ళు దానికి "వాగర్థ నిబద్ధత ఉత్తర్వు" అని పేరు పెట్టి, మేడ మీద ఆఫీసుకే కాకుండా అన్ని ఆఫీసులకూ వర్తింపజేశారు.

ఆ రాత్రి అన్నం తింటూ పేర్రాజు గారు ఈ సంగతి చెబితే కనకరత్నం చెయ్యి ఆపి చూసింది.

"ఇలాంటివి రాస్తే తిరిగి మన నెత్తికే చుట్టుకుంటాయండీ."

"ఇంకెంత కాలం, రిటైరైపోతున్నాగా. నాకెక్కడ చుట్టుకుంటుంది?" అన్నారు ఆయన ధీమాగా.

ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజున కింది అంతస్తులో నీటి పన్ను ఆఫీసుకు ఒక కిరాణా కొట్టాయన అర్జీ పట్టుకుని వచ్చాడు. అక్కడి అధికారి అలవాటు కొద్దీ "చూద్దాం" అన్నాడు. కొట్టాయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "కానీండి, చూద్దాం," అన్నాడు. ఉత్తర్వు ప్రకారం ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా ఆ ఫైలు వంక చూశారు. మర్నాడూ చూశారు. పరిష్కరిద్దాం అని ఎవరూ అనలేదు గనుక అది మాత్రం జరగలేదు.

మేడ మీద డైరెక్టరు గారు ఒకనాడు అటెండరు సింహాద్రిని "బాగున్నావా?" అని అడిగారు. "అంతా తమ దయండి బాబూ," అన్నాడు సింహాద్రి. ఆఫీసులో ఎవరేమన్నా రాసిపెట్టే పని ఉత్తర్వుతో పాటే ఇందుమతి మీద పడింది గనుక ఆ మాటా రాసుకుంది. పదిరోజులు తిరక్కుండా సింహాద్రి జ్వరం వచ్చి మంచాన పడ్డాడు. ఉద్యోగి ఆరోగ్యమునకు ఆధారమైన దయ ఏ కారణము చేత తగ్గినదో సంజాయిషీ ఇవ్వవలసిందని సచివాలయం నుంచి డైరెక్టరుకు మెమో వచ్చింది. ఆ తర్వాత ఆయన ఎవరినీ బాగున్నావా అని అడగలేదు. అందరూ ఎడమొహం పెడమొహంగా తిరిగేవారు.

ఇందుమతి ఒక మధ్యాహ్నం నోరు జారి "తల పగిలిపోతోంది" అంది. వెంటనే అంబులెన్సు వచ్చింది. పగులు ఎక్కడా లేదని పెద్దాసుపత్రి వాళ్ళు కాగితం రాసి ఇచ్చేసరికి, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఆ పిల్లకు ఒక మెమో. మెమో చూసి "ప్రాణం తీస్తున్నారు" అంటే అది పోలీసులకు వెళ్ళింది.

ఒక్క "రేపు రండి" అన్న మాటకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. రేపు అన్నది ఏ రోజు చూసినా ముందే ఉంటుంది గనుక ఆ హామీ ఎన్నటికీ భంగము కానేరదని అనుబంధంలో వివరించారు. ఆ వివరణ ప్రభుత్వ వర్గాల్లో మంచి ప్రశంసలు పొందింది.

చలికాలం వెళ్ళింది. పేర్రాజు గారి వీడ్కోలు సభ వచ్చింది. బాదంపాలు తెప్పించారు. గంధపు దండ, శాలువా తెప్పించారు. డైరెక్టరు గ్లాసు పైకెత్తారు. అందరూ ఎత్తారు. ఎత్తాక ఏమనాలో ఎవరికీ తెలియదు. వాక్యానికి ఇంకా ఆమోదం రాలేదు. ఏదో ఒకటి అంటే దానికి కట్టుబడాలి. అలా చేతులు లాగేదాకా గ్లాసులు పట్టుకుని నిలబడి, చివరికి కషాయం మింగినట్టు కళ్ళు మూసుకుని తాగేశారు.

పేర్రాజు గారు జవాబు చెప్పడానికి లేచారు. నిజంగానే ఆయనకు ఏడుపొచ్చింది. ఎంత పనికిమాలిన పనైనా ఒక మనిషి జీవితమంతా చేస్తే అది ఆ మనిషికి ఏదో ఒకటి అవుతుంది కదా. రెండు ముక్కలు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి, "మరి వెళ్ళొస్తాను," అన్నారు.

చప్పట్లు కొట్టబోయినవాళ్ళను డైరెక్టరు చెయ్యెత్తి ఆపారు.

"పేర్రాజు గారూ! తమరు ఏమంటిరి?"

"వెళ్ళొస్తానన్నానండీ."

"వెళ్ళుట ఒకటి. వచ్చుట ఒకటి. వచ్చెదనని సభాముఖమున హామీ ఇచ్చిన ఉద్యోగి పదవీ విరమణ చేసినట్లు ఎట్లు భావించవలెను? హామీ నెరవేరువరకు విడుదల ఉత్తర్వు నిలిపివేయడమైనది."

"అది మర్యాదకి అన్న మాటండీ! వెళ్తాను అని ఊరుకుంటే బాగుండదని అంటాం గాని..."

"ఈ నియమము తమరి స్వహస్తములతో రాసినదే," అని డైరెక్టరు ఆయన భుజం మీది శాలువా సర్దారు.

పేర్రాజు గారు మరీ బెంగపడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, బల్ల ముందు నిలబడి, "ఇదిగో వచ్చానండీ. హామీ తీరిపోయింది," అన్నారు. తీరిందని డైరెక్టరూ ఒప్పుకున్నారు. ఇందుమతి రాసుకుంది. కాగితం మీద సంతకం పడబోయేసరికి పేర్రాజు గారు ఆనందం పట్టలేక, చెప్పులేసుకుంటూ, "సంతోషమండీ, వెళ్ళొస్తాను," అన్నారు.

కలం ఆగిపోయింది. సింహాద్రి మళ్ళీ ఆయన కుర్చీ తెచ్చి వేశాడు.

అది మొదలు రోజూ ఇదే తంతు. పొద్దున వచ్చి మాట తీర్చుకోవడం, పోతూ పోతూ మళ్ళీ ఇచ్చుకోవడం. ఇంటి దగ్గర కనకరత్నం ఎదురుగా నిలబెట్టి సాధన చేయించేది. "ఏమీ అనకండి. ఊరికే తిరిగి నడవండి," అనేది. ఆయన తిరిగేవారు, నాలుగడుగులు వేసేవారు, గడప దగ్గరికి రాగానే నోరు దానంతట అదే తెరుచుకునేది. చిన్నప్పటి నుంచీ నాలుక మీద పాతుకుపోయిన మాట, రిటైర్మెంటు కోసం ఊడి రమ్మంటే వస్తుందా?

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఒకరోజు చప్పుడు లేకుండా బయటపడ్డారు. చెప్పకుండా కార్యాలయము విడిచి వెళ్ళుట క్రమశిక్షణా రాహిత్యమని సాయంత్రానికి నోటీసు ఇంటికొచ్చింది. ఇంకోరోజు గుండె దిటవు చేసుకుని "సెలవు" అన్నారు. సెలవు అడిగినవాడు సర్వీసులో ఉన్నట్టే లెక్క అన్నారు డైరెక్టరు. పైగా కారణం చూపలేదని సెలవు తిరస్కరించారు. చివరికి విసిగిపోయి, "పోతున్నానండీ బాబూ, నేను పోతున్నాను!" అని అరిచేశారు. డైరెక్టరు లేచి నిలబడి తల వంచారు. అందరూ నిలబడ్డారు. సంతాప సభకు బాదంపాలు తేవాలా వద్దా అని సింహాద్రి అడిగాడు. బతికే ఉన్నానని నమ్మించి బయటపడేసరికి పేర్రాజు గారికి పొద్దు గూకింది. ఆ గాభరాలో మళ్ళీ "వెళ్ళొస్తాను" అనేశారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి వరండాలో చెప్పులు విప్పుతూ పేము కుర్చీల వంక చూశారు. వాటి మీద దుమ్ము పట్టింది. కనకరత్నం వచ్చి చెంగుతో వాటిని తుడవసాగింది. అది చూసి ఆయనకు దుఃఖం వచ్చింది.

మర్నాడు ఆయన వెంట ఆవిడ కూడా బయలుదేరింది. మంచి జరీచీర కట్టుకుంది. "మీరు నోరు విప్పకండి. ఏదున్నా నేను మాట్లాడతాను," అని దారంతా చెప్పింది. పేర్రాజు గారు పెదవులు బిగించి మేడ మెట్లెక్కారు.

కనకరత్నం డైరెక్టరు ఎదుట నిలబడింది.

"మా ఆయన మీకు వెళ్ళొస్తానని ఎప్పుడన్నారండీ?"

"సన్మాన సభ నాటి సాయంకాలము మొదలుకొని ప్రతిదినమును."

"నాకు ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున అన్నారు. అప్పటికి మీరింకా ఈ ఆఫీసు మెట్లెక్కలేదు."

"అమ్మా, ఆ హామీలు ఏనాటికానాడు సాయంకాలము నెరవేరినవి కదా. వారు గృహమునకు వచ్చిరి కదా."

"వచ్చిందేంటండీ? ఒళ్ళు వచ్చింది. చంకలో మీ ఫైళ్ళు, మనసంతా పప్పులో కాలెవరు వేశారా అని. నాతో కూర్చుని ఒక్క గుక్క కాఫీ తాగింది లేదు. వెళ్ళొస్తానన్న మనిషి నాకు ఇంతవరకూ రానే లేదు. నా బాకీ ముందు, మీది తర్వాత. మీకంటే నేను సీనియర్ని!"

ఆ ఆఖరి మాట విని గదిలో ఉన్నవాళ్ళంతా తెలియకుండానే లేచి నిలబడ్డారు. ప్రభుత్వంలో ఏ ఉత్తర్వునైనా ఇంకో ఉత్తర్వు తోసేయగలదు గాని సీనియారిటీని తోసేయగలిగింది ఇంతవరకు పుట్టలేదు. పేర్రాజు గారి పెదవులు బిగించే ఉన్నాయి, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. ఇన్నేళ్ళు ఆవిడ ఈ మాట ఒక్కసారి కూడా తనతో అనలేదని ఆయనకు అప్పుడే తట్టింది.

డైరెక్టరు కాగితం ముందుకు లాక్కుని, "పూర్వ హామీదారు యొక్క హక్కు బలీయమని తేలినందున, ఉద్యోగిని వారికి స్వాధీనము చేయడమైనది," అని సంతకం పెట్టారు. ముద్ర పడింది. సింహాద్రి సంతోషం కొద్దీ తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

పేర్రాజు గారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కనకరత్నం ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది. గడప దాకా వచ్చారు. ఇంకొక్క అడుగు. అక్కడ కనకరత్నం ఆగింది. పెద్దింట పుట్టిన మనిషి. పనైపోయిందని ముఖం తిప్పుకుని పోవడం ఆవిడకు చేత కాదు. వెనక్కి తిరిగి చక్కగా చేతులు జోడించింది.

"మరి వెళ్ళొస్తామండీ."

పేర్రాజు గారు కళ్ళు మూసుకున్నారు. ఇందుమతి కలం అందుకుంది. "వెళ్ళొస్తాం అన్నారు సార్, బహువచనం," అంది నీరసంగా.

సింహాద్రి తలుపు ఒక రెక్క మూసి, "ఏటమ్మా ఇది, నోటికాడిది జారిపోనాది," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు రెండు పేము కుర్చీలు దిగాయి. తర్వాత పేర్రాజు గారు, ఆయన వెనుక ఫ్లాస్కు పట్టుకుని కనకరత్నం దిగారు. "ఇంటి దగ్గర ఊరికే దుమ్ము కొట్టుకుపోతున్నాయి," అంది ఆవిడ సింహాద్రితో. కిటికీ పక్కన ఎదురెదురుగా కుర్చీలు వేయించింది. ఇద్దరూ వచ్చామని చెప్పి మాట తీర్చుకున్నారు. తర్వాత కూర్చున్నారు.

ఆవిడ రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, ఒకటి ఆయన చేతికిచ్చింది.

"కానివ్వండి," అంది.

పేర్రాజు గారు రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, కాఫీ ఒక గుక్క చప్పరించి, ఆవిడ వంక చూశారు. కాఫీలో ఏలకులు వేస్తుందని ఆయనకు పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది. గదంతా వాసన అలుముకుంది.

డైరెక్టరు తన గదిలోంచి ఇవతలికి వచ్చారు. "అమ్మా, కర్మ లేని వాక్యమును పలికితిరి. ఏమి కానివ్వవలెనో స్పష్టపరచవలెను," అన్నారు గాని, ఆ మాటలో మునుపటి పస లేదు.

"చల్లారిపోతుందండీ. ముందు మీ గ్లాసు ఇలా పెట్టండి."

డైరెక్టరు అటూ ఇటూ చూసి, బల్ల మీది ఖాళీ గ్లాసు తీసి చాపారు. కనకరత్నం పోసింది. ఆయన ఊదుకుని ఒక గుక్క తాగారు. అలాగే నిలబడి ఇంకో గుక్క తాగారు.

ఇందుమతి కలం పట్టుకుని, "సార్, పానీయ వాక్యం ఫైల్లో ఈ మాట రాసెయ్యమంటారా?" అని అడిగింది.

డైరెక్టరు నోటి నిండా కాఫీతో చెయ్యి ఊపి, మింగి, "కానివ్వండమ్మా," అన్నారు. ఏం కానివ్వాలని ఎవరూ అడగలేదు.